అడిగితే ఇవ్వని జాజి

బంతి ఆకును రెండు వేళ్ళ మధ్య నలిపితే ఒక ఘాటు వాసన వస్తుంది. సబ్బుతో కడుక్కున్నా పోదు, అన్నం కలుపుకునేటప్పుడు మళ్ళీ ముక్కుకు తగులుతుంది. నిన్న సాయంత్రం కుండీల్లో ఎండిన బంతి కొమ్మలు తుంచేసి, టీ కప్పు నోటి దగ్గర పెట్టుకోగానే టీ కంటే ముందు ఆ వాసనే వచ్చింది. టీ చల్లారిపోయేదాకా కప్పు పట్టుకుని అలాగే కూర్చున్నాను. మా ఇంట్లో ఇప్పుడు మంచాన ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. నేను ఎంతసేపు కూర్చున్నా పిలిచేవాళ్ళు లేరు. అయినా పొద్దు వాలేసరికి నా చెవి ముందు లోపలి గది వైపు పోతుంది, ఆ తర్వాత పక్కింటి గోడ వైపు తిరుగుతుంది. "ఏంది టీచరమ్మ, ఇంకా ఎల్లలేదా" అని అక్కడినుంచి ఒక గొంతు వస్తుందని దానికి ఇంకా ఆశ. ఆ గోడకు అవతల ఇప్పుడు ఐదంతస్తుల అపార్టుమెంటు ఉంది.

ఆ గొంతు బాలమణమ్మది. తూంకుంటలో పాతవాళ్ళకు ఆవిడ ద్రాక్షతోట బాలమణి. మేము ఇల్లు కట్టుకున్న కాలనీ అంతా ఒకప్పుడు వాళ్ళ తోటే. తీగలు తీసేసి ప్లాట్లు చేసి అమ్మేసినా, పందిళ్ళు నిలబెట్టిన రాతి కడీలు మాత్రం చాలావరకు పాతిన చోటే మిగిలిపోయాయి. కాలనీలో ఎవరింట్లో చూసినా ఒకటో రెండో ఉండేవి. ఒకరు వాటికి బట్టల తాడు కట్టుకునేవారు, ఒకరు గేదెను కట్టేసుకునేవారు. తోటలో ఆఖరి ముక్కనూ, బావినీ, పాత ఇంటినీ ఆవిడ తనకోసం ఉంచుకుంది. అది సరిగ్గా మా గోడకు ఆనుకుని ఉండేది. కొడుకులు భూముల వ్యాపారమనీ, ఊరి రాజకీయమనీ జీపులేసుకుని తిరుగుతుంటే, ఆవిడ కొంగు నడుముకు బిగించి రోజంతా ఆ చెట్ల మధ్యనే ఉండేది. పొట్టి మనిషి. గొంతు మాత్రం వీధి చివరికి వినబడేది. మెచ్చుకోవడం ఆవిడకు చేతకాదు. కూర ఎంత బాగున్నా "తినొచ్చు" అనేది, అంతే.

మేము బాపట్ల వైపు వాళ్ళం. మా ఆయన ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం వచ్చి, తొంభైల చివర్లో ఆ ప్లాటు కొని ఇల్లు వేసుకున్నాం. నేను అల్వాల్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. గృహప్రవేశానికి కట్టిన మామిడి తోరణాలు తీయకముందే మా అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి వైపంతా పడిపోయింది. మాట పోయింది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలన్నప్పుడు ఆ ఎవరో ఒకరు ఎవరన్నది మా ఇళ్ళల్లో ఎవరూ చర్చించరు. నేను స్కూలు మానేశాను. పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, గుడ్డలు ఉతకడం, గంజి పట్టించడం, ఆవిడ ఎడమ చెయ్యి ఎత్తితే ఏం కావాలో కనుక్కోవడం. మా ఆయన మంచివాడే. కానీ పొద్దున పోయిన మనిషి చీకటి పడ్డాక గాని వచ్చేవాడు కాదు, వచ్చినవాడు "అమ్మ ఎలా ఉంది" అని అడిగేవాడు. నేను ఎలా ఉన్నానో నన్ను ఎవరూ అడగలేదు. నాకు అప్పట్లో కావలసింది పెద్ద పెద్ద సుఖాలేమీ కాదు. ఎవరూ నన్ను పిలవని ఒక్క గంట. అది దొరికే దారి లేదు.

ఆ గదిలో ఫినాయిల్ వాసన, తడిసిన దుప్పట్ల వాసన కలిసి గోడలకు పట్టేసి ఉండేవి. పొద్దు గూకే వేళకు మాత్రం కిటికీలోంచి సన్నజాజి వాసన వచ్చేది. బాలమణమ్మ తోటలో పాత ద్రాక్ష పందిరి ఒకటి మిగిలింది. దాని ఇనుప తీగల మీద ఆవిడ జాజిని పాకించింది. సాయంత్రమయ్యేసరికి అది విచ్చుకునేది. ఆ వాసన రాగానే అత్తయ్య కూడా కళ్ళు తెరిచి కిటికీ వైపు చూసేది. మన ఇంట్లోనూ ఒక తీగ ఉంటే బాగుంటుందనిపించి, ఒకరోజు ధైర్యం చేసి గోడ దగ్గరికి వెళ్ళాను.

"బాలమణమ్మగారూ, మీ జాజి అంటు ఒకటి ఇస్తారాండీ?" అన్నాను.

ఆవిడ నా వైపు చూడకుండానే "ఇయ్య" అంది.

నేను సరిగ్గా వినలేదేమో అనుకుని నిలబడ్డాను. "అడిగితే ఇయ్య. ఇంకోసారి అడగకు" అని పైపు ఇంకో పాదుకు మార్చుకుంది. ముఖం మాడిపోయి ఇంట్లోకి వచ్చాను. రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో చెబితే, "వాళ్ళ భూమిలో ఇల్లు కట్టుకున్నది చాలక తీగలు కూడా కావాలా నీకు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పుల్లవిరుపు మాట పడటం ఒక ఎత్తు, ఒక కొమ్మ అడిగి లేదనిపించుకోవడం ఒక ఎత్తు. వీళ్ళకు మనమంటే పడదు, అంతే, అని తీర్మానించుకున్నాను. ఆ తర్వాత కొన్నాళ్ళు గోడ వైపున్న కిటికీ రెక్క ఒకటి మూసే ఉంచాను. రెండోది మూయలేకపోయాను, జాజి వాసన కోసం.

తొలకరి పడిన వారంలో ఒక సాయంత్రం ఆవిడ మా గేటు తీసుకుని, పిలవకుండానే లోపలికి వచ్చింది. చెప్పులు గడప బయట విడిచి, తిన్నగా అత్తయ్య గదిలోకి నడిచింది. మంచం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"ముసలమ్మ ఎండింది. నువ్వు గంతకన్న ఎక్వ ఎండినవ్" అని స్టూలు లాక్కుని కూర్చుంది. "నేనీడ కూసుంట. నువ్వాడికి పో."

"ఎక్కడికండీ?"

"మా తోటలకు. జాజి గావాలంటివి గద. పోయి దొంగతనం జేస్కపో. నేనీడ కూసున్ననంటే ఆడ సూసెటోళ్ళు ఎవ్వరు లేనట్టే గద."

నాకు ఏమీ అర్థం కాలేదు. ఆవిడే విసుక్కుంటూ చెప్పింది. "అడిగి తెచ్చుకున్న చెట్టు బతకది టీచరమ్మ. దొంగిలిచ్చిందే బతుకుతది. ఇచ్చెటోళ్ళు సూడొద్దు, తెచ్చెటోళ్ళు చెప్పొద్దు. మా అవ్వ చెప్పేది. నువ్వేమో గోడకాడ నిలవడి, అండీ అండీ అని అడిగితివి. నేనెట్ల ఇస్త?"

"మా వైపు మనీప్లాంటు ఒక్కటే అలా తెచ్చుకుంటామండీ."

"మీ దిక్కు ఒక్క మనీప్లాంటేనా. గంత మంచోళ్ళా మీరు" అంది. "గారు గీరు బంద్ చెయ్యి. నేనేమన్న తాసిల్దార్‌నా. పెద్దమ్మ అను, సాలు. ఇగ పో."

అత్తయ్యకు దాహమేస్తే ఎలా, పక్క మార్చవలసి వస్తే ఎలా అని నేను గుమ్మంలో నిలబడి నసుగుతుంటే, ఆవిడ అప్పటికే అత్తయ్య తల కింద దిండు సరిచేసి, భుజం కింద చెయ్యి వేసి ఒక్క ఊపులో ఎడమ వైపుకు తిప్పేసింది. ఇది కొత్తగా చేస్తున్న మనిషి చెయ్యి కాదని అప్పుడే తెలిసింది. నేను చెప్పులేసుకున్నాను.

తోటలో తడి మట్టి కాళ్ళకు అంటుకుంది. ఒక మూల గోరింట, దాని పక్కన మునగ, పందిరి కింద కనకాంబరాల నారు, బావి చుట్టూ బంతి. దొండపాదు తన పందిరి చాలక జాజి పందిరి మీదికి ఎక్కుతోంది. ఒక కడీ నేల మీద పడి ఉంది, దాని మీద కూర్చున్నాను. ఏమీ చేయలేదు. ఒక చీమ బంతి కాడ మీద పైకి పోయి, మళ్ళీ కిందికి దిగడం చూశాను. ఎవరూ పిలవలేదు. ఆ నిశ్శబ్దానికి నాకు ఏడుపొచ్చింది. చాలా రోజుల తర్వాత కుదురుగా కూర్చుని ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది, కొమ్మ తెంపుకోవడమే మర్చిపోయానని.

బాలమణమ్మ నా చేతులు చూసి, "ఉత్త చేతులతోని వచ్చినవా? ఏం దొంగవే నువ్వు" అంది. "రేపు మళ్ళ పో."

మర్నాడు తెంపాను. "గింత లేతది బతుకుతదా? రేపు ముదురుది తేపో." ముదురుది తెచ్చి నాటాను, వారానికి వాడిపోయింది. భయపడుతూ చెబితే "సచ్చిందా, మంచిదే. మళ్ళ పో" అంది. ఆ వానాకాలమంతా నేను ఆ తోటలో దొంగతనం చేస్తూనే ఉన్నాను. జాజి నాటుకున్నాక కనకాంబరం నారు, అది నాటుకున్నాక గోరింట కొమ్మ. లెక్కల టీచరునై ఉండి కూడా ఆవిడ లెక్క నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నా దొంగతనం ఎప్పటికీ పూర్తి కాకూడదన్నదే ఆవిడ లెక్క.

నేను తోటలో ఉన్నంతసేపూ ఆవిడ అత్తయ్యతో మాట్లాడుతూ ఉండేది. ఎదుటి మనిషి నోట మాట లేదన్న సంగతి ఆవిడకు పట్టేది కాదు. కొడుకు ఎన్నికల సంగతి, గేదె ఈనిన సంగతి, షామీర్‌పేట చెరువు అలుగు పోసిన సంగతి అన్నీ చెప్పేది. మా అత్తయ్య ఎంత ఆచారం గల మనిషంటే, ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో పొరుగింటి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. అలాంటావిడ నాలుగు గంటలు దాటితే చాలు, గుమ్మం వైపు చూడటం మొదలుపెట్టింది. నేను కొంగులో జాజి మొగ్గలు తెస్తే, బాలమణమ్మ దారం ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుని దండ కట్టేది. పూలు జతలు జతలుగా అందించడం అత్తయ్య పని. ఎడమ చేత్తో ఒక్కొక్కటి ఏరి, కాడలు సమంగా పెట్టి అందించేది. బాలమణమ్మ ముడి వదులుగా వేస్తే దండను వేలితో వెనక్కి నెట్టేది. "సూడు, మీ అత్త మాట లేకున్నా నామీద అత్తరికం జేస్తాంది" అని బాలమణమ్మ ముడి విప్పి మళ్ళీ వేసేది. అత్తయ్య మూతి ఒక పక్కకే కదిలేది గాని, అది నవ్వేనని నాకు తెలుసు. ఆ గంట తర్వాత నేను గదిలోకి వేరే మనిషినై వచ్చేదాన్ని. దుప్పటి మారుస్తూ అత్తయ్యకు కబుర్లు చెప్పడం కూడా నేను బాలమణమ్మను చూసే నేర్చుకున్నాను.

మరుసటి ఎండాకాలం సెలవులకు విజయవాడ నుంచి మా ఆడపడుచు ఇందిర వచ్చింది. తల్లంటే ప్రాణం. ఆ పిల్ల కోపంలో తప్పేమీ లేదు. వచ్చిన రోజు సాయంత్రమే అమ్మ పక్కన ఎవరో కూర్చుని ఉండటం, నేను పక్క తోటలో ఉండటం చూసింది. బాలమణమ్మ వెళ్ళాక నన్ను వంటింట్లోకి పిలిచింది.

"వదినా, అమ్మను పక్కింటావిడకి అప్పజెప్పి నువ్వు చెట్ల వెంట తిరుగుతున్నావా? ఆ టైములో అమ్మకేదన్నా అయితే?" అంది.

మా ఆయన అక్కడే ఉన్నాడు. పేపరు మడత పెట్టాడు, మళ్ళీ విప్పాడు. అలసిపోయాను అని చెప్పడం అంత తేలిక కాదు. చెబితే, చేయలేకపోతున్నావా అంటారు. మర్నాటి నుంచి మానేశాను. సాయంత్రం గోడ మీదినుంచి "ఎల్లలేదా" అని వినబడితే, "కుదరదు పెద్దమ్మా" అని కిటికీలోంచే చెప్పేదాన్ని. ఎందుకని ఆవిడ అడగలేదు. ఇందిర పక్క గదిలోనే ఉండేది, అయినా అమ్మ చెయ్యెత్తితే "వదినా" అనే పిలుపే వచ్చేది. జాజి వాసన వచ్చే వేళకు కిటికీ దగ్గర నిలబడితే, చేతికందిన ఒక్క గంటను ఎవరో గుంజుకుపోయినట్టు ఉండేది. ఆ బాధ ఇంత వయసొచ్చాక కూడా నాకు గుర్తుంది.

నాలుగో రోజో ఐదో రోజో, వీధిలో జనం తిరిగే వేళ చూసుకుని, బాలమణమ్మ మా గేటు ముందు నిలబడింది. లోపలికి రాలేదు.

"ఎవలమ్మ ఇంట్ల? గీ ఇంటి పెద్దోళ్ళను పిలువుండ్రి" అని కేకేసింది.

ఇందిర కంగారుగా బయటికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. "నేను ఆవిడ ఆడపడుచునండీ. ఏమైంది?"

"ఏమైందా? మీ వదినె నా తోటల జాజి కొమ్మలు ఇరిసింది. కనకాంబరం నారు పీకింది. గోరింట దెంపింది. ఏడాది సంది దొంగతనం జేస్తాంది. నాకెరుక లేదనుకుంటాంది గని, నేను సూస్తనే ఉన్న."

ఎదురింటి వాళ్ళు తలుపు తీశారు. ఇందిర ముఖం పాలిపోయింది. "వదినా, నిజమేనా?" అంది. ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. నిజమేనని తలూపాను.

"పంచాయితి పెట్టియ్యమంటే పెట్టిస్త. మా పెద్దోడు సర్పంచు" అంది బాలమణమ్మ.

"వద్దండీ, దయచేసి వద్దు. ఏం చేయమంటారో చెప్పండి."

ఆవిడ కాసేపు ఆలోచిస్తున్నట్టు నిలబడింది. "గట్లయితే తప్పుకు జుర్మానా కట్టాలె. రోజు పొద్దుగూకే యాళ్ళకు వచ్చి ఒక గంట నా తోటకు నీళ్ళు పట్టాలె. నాకు మోకాళ్ళు నొస్తున్నయి, పైపు గుంజ చాత గాదు. ఎన్ని దినాలని అడగొద్దు. నేను సాలు అన్నదాంక పట్టాలె."

"పడుతుందండీ, తప్పకుండా పడుతుంది" అని ఇందిర నా వైపు తిరిగింది. "వెళ్ళొదినా, ఇప్పుడే వెళ్ళు. అమ్మను నేను చూసుకుంటాను. ఊళ్ళో పరువు పోయేట్టుంది."

బాలమణమ్మ ముందు నడిచింది, నేను తలొంచుకుని వెనక నడిచాను. ఆవిడ వీపు కదులుతుంటే కోపమేమో అనుకున్నాను. తోట తలుపు మూశాక చూస్తే, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నాకూ నవ్వు ఆగలేదు. ఇద్దరం ఆ పడిపోయిన కడీ మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం.

ఆ రోజే తన సంగతి చెప్పింది. ఆవిడ భర్తను కరీంనగర్ రోడ్డు మీద లారీ గుద్దితే నడుము కింద అంతా చచ్చుబడిపోయిందట. కొడుకులు చిన్నవాళ్ళు. ఆయన పోయేదాకా ఏళ్ళ తరబడి అన్నీ మంచంలోనే చేసింది. కాసేపు అరుగు మీద కూర్చుంటే, మొగుడు మంచాన పడితే నీకు ముచ్చట్లు కావాలా అని అత్త అనేదట.

"ఆడది కూసుంటే లోకం ఓర్వది బిడ్డ. చేతుల పార ఉంటే ఏమనది" అంది. "గందుకే పార పట్టిన. చెట్ల నడుమ కూసుండి ఎంతసేపు ఏడ్సినా, కలుపు తీస్తాందనుకున్నరు. గీ తోట గట్ల అయింది. మా ఆయనకు కిటికీలకెల్లి కనవడాలని జాజి వెట్టిన. నువ్వు గూడ కూసుంటానంటే పంపరు. పని ఉందంటే పంపుతరు."

ఆవిడ నన్ను బిడ్డ అనడం అదే మొదటిసారి. చెప్పడం అయిపోగానే పైపు నా చేతిలో పెట్టి, "జుర్మానా జుర్మానానే. పట్టు నీళ్ళు" అంది.

ఇందిర ఉన్నన్నాళ్ళూ ఆ గంట తల్లి దగ్గర తనే కూర్చుంది. నాలుగు రోజులయ్యాక ఒక సాయంత్రం నేను తిరిగి వచ్చేసరికి, తడిసిన దుప్పటి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ఒక్క గంటే కదా వదినా. ఇంత పొడుగ్గా ఉందేమిటి" అంది. ఊరికి పోతూ, బస్సెక్కేముందు నా చెయ్యి పట్టుకుని, "ఆవిడ చాలు అనేదాకా నీళ్ళు పట్టడం మానకు" అని చెప్పింది. అర్థమై అన్నదో, భయపడి అన్నదో నేను అడగలేదు.

అత్తయ్య ఇంకా కొన్నేళ్ళు ఉంది. ఒక శ్రావణంలో, పొద్దున పక్క మార్చబోతే ఒళ్ళు చల్లగా తగిలింది. బాలమణమ్మ వచ్చి, మూలన కూర్చుని ఒక్కతే దండ కట్టింది. పూలు జతగా అందించే చెయ్యి లేదు కాబట్టి చాలాసేపు పట్టింది. కర్మలన్నీ అయిపోయాక ఒక సాయంత్రం నేను గడపలో నిలబడిపోయాను. ఇప్పుడు సాయంత్రమంతా నాదే. దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఆ గదిలోంచి పిలుపు రాకపోవడం కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశానో, అది రాకపోతే అంత దిగులేసింది. గోడ అవతలినుంచి ఎప్పటిలాగే కేక వినబడింది. "ఏంది, ఎల్లలేదా? జుర్మానా తీరలే ఇంకా."

వెళ్ళాను. ఆ తర్వాత కూడా రోజూ వెళ్ళాను. మళ్ళీ స్కూల్లో చేరాక కూడా, బస్సు దిగి ఇంటికి పోకుండా ముందు అక్కడికే పోయేదాన్ని.

రింగు రోడ్డు వస్తుందన్న మాట పుట్టాక మా వైపు నేలకు ఒక్కసారిగా రెక్కలొచ్చాయి. కొడుకులు ఆ ఆఖరి ముక్క కూడా బేరం పెట్టారు. ఆవిడ అడ్డం పడుతుందనుకున్నాను. "భూమి పోరగాండ్లది, వాళ్ళ ఇష్టం" అంది, అంతే. పేట్ బషీరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటు కొన్నారు. వెళ్ళేముందు రోజు సాయంత్రం కూడా నేను నీళ్ళు పట్టాను. మర్నాడు మిషన్లు వచ్చే నేలకు నీళ్ళు పెట్టడం ఏమిటని మనసు అంటూనే ఉంది, చెయ్యి మాత్రం ఒక్కో పాదు దగ్గరా ఆగుతూనే ఉంది. జాజి పందిరి దగ్గరికి వచ్చేసరికి చీకటి పడుతోంది. పూలు విచ్చుకున్నాయి. ఆవిడ వెళ్ళి మోటారు కట్టేసి వచ్చి, నా చేతిలో పైపు తీసుకుని చుట్ట చుట్టింది.

"ఇగ సాలు బిడ్డ" అంది.

నేను ఇంటికి వచ్చి, అత్తయ్య గదిలో, ఆ ఖాళీ మంచం మీద కూర్చున్నాను.

తర్వాత రెండేళ్ళకు ఆవిడ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మళ్ళీ లేవలేదు. చిన్న కోడలు సుజాత చూసుకునేది. నేను చూడటానికి వెళితే, నేషనల్ హైవే మీద లారీల మోత ఆ బాల్కనీలోకి నేరుగా వస్తోంది. బాలమణమ్మ మంచంలో ఇంకా పొట్టిగా కనబడింది. నన్ను చూసి బాగున్నావా అని కూడా అడగలేదు. సుజాత వైపు చెయ్యి చూపించింది. "దాని మొకం సూడు. ఎండింది."

ఆ వానాకాలం సుజాత ఏదో పెళ్ళికని తూంకుంట వచ్చి, మా ఇంటి ముందు ఆగింది. మా గేటు పక్క కడీ మీద, నేను ఎప్పుడో దొంగిలించి తెచ్చిన జాజి గుబురుగా పాకి ఉంది. అవతల తోట లేదు, చదును చేసి వదిలేసిన నేలలో ఇప్పుడు పునాదులు తవ్వుతున్నారు. సుజాత తీగ కింద నిలబడి చాలాసేపు పైకి చూసింది.

"అక్కా, ఒక్క కొమ్మ ఇస్తరా? అత్తమ్మ మంచం పక్కన వెడుదామని" అంది.

"ఇవ్వను" అన్నాను.

ఆ అమ్మాయి ముఖం మాడిపోయింది. ఆ రోజు గోడ దగ్గర నా ముఖం ఎలా ఉండి ఉంటుందో అప్పుడు చూశాను.

"నేను లోపలికి వెళ్ళి టీ పెడతాను. నాకు టీ పెట్టడానికి చాలాసేపు పడుతుంది" అన్నాను. "వంటింటి కిటికీ మూసుకుంటాను. ఇటు వైపు ఎవరూ చూడరు. నువ్వు కూర్చో."

ఆ ఇంటి కోడలు కదా, అప్పుడు అర్థమైంది. కింది పెదవి పంటితో నొక్కుకుని తలూపింది. నేను లోపలికి పోయి, టీ మరిగించి, పారబోసి, మళ్ళీ పెట్టాను. కప్పులతో బయటికి వచ్చేసరికి మెట్టు మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. హ్యాండ్‌బ్యాగు ఒక వైపు ఉబ్బి ఉంది, జిప్పు పడలేదు. ఇద్దరం టీ తాగాం. వాన గురించి మాట్లాడుకున్నాం.

అప్పటినుంచి వారానికొకసారి సాయంత్రం బస్సెక్కి పేట్ బషీరాబాద్ పోయేదాన్ని. నేను బాలమణమ్మ దగ్గర కూర్చుంటే, సుజాత బాల్కనీ తలుపు దగ్గరికి వేసుకుని, పెయింటు బకెట్లలో మట్టి గుల్ల చేసుకుంటూ కూర్చునేది. ఏ మొక్కకూ అంతసేపు పట్టదు. మేమెవరమూ పిలిచేవాళ్ళం కాదు. మరుసటి ఏడు ఎండలు తగ్గే వేళ జాజి తొలిపూత పూసింది. ఒక సాయంత్రం లారీల మోత మధ్యనే ఆ వాసన గదిలోకి వచ్చింది. బాలమణమ్మ అప్పటికి మాట తగ్గించేసింది, కళ్ళు మూసుకునే ఉండేది. వాసనకు కళ్ళు తెరిచింది.

"నా జాజి" అంది. "ఎవలిచ్చిన్రు?"

సుజాత చేతికి మట్టితో బాల్కనీ గుమ్మంలో నిలబడి ఉంది. నా వైపు చూసింది. "ఎవ్వరియ్యలే అత్తమ్మా" అంది.

బాలమణమ్మ మమ్మల్నిద్దరినీ కాసేపు చూసింది. తర్వాత తల మెల్లగా గోడ వైపు తిప్పుకుంది. తుంటి విరిగిన మనిషి, కొంచెం ఒత్తిగిల్లడానికే చాలాసేపు పట్టింది. నేను సాయం చేయబోతే చెయ్యి తోసేసింది.

"నేను సూడ" అంది గోడతో. "తేపో."

ఆ వానలు వెళ్ళకముందే ఆవిడ పోయింది.

ఇప్పుడు మా జాజికి రెండు కడీలు చాలడం లేదు. పొద్దు వాలే వేళ గేటు గొళ్ళెం తీసి ఉంచి, కుండీలకు నీళ్ళు పడతాను. ఉన్న నాలుగు కుండీలకు పావుగంట కూడా పట్టదు, అయినా గంట పడతాను. ఎవరన్నా గేటు దగ్గర తచ్చాడితే లోపలికి పోయి వీపు తిప్పుకుని కూర్చుంటాను. పొద్దున లేచి చూస్తే ఒక కొమ్మ విరిగి ఉంటే ఆ రోజంతా నాకు బాగుంటుంది. ఆవిడ నాకు చాలా ఇచ్చింది, ఒక్కటీ చేతికివ్వకుండానే ఇచ్చింది. అన్నీ నా దగ్గరే ఉన్నాయి. కానీ ఆ సాయంత్రం పైపు చుట్ట చుడుతూ అన్న ఆ ఒక్క మాట, ఇగ సాలు అన్న మాట, ఆవిడ అనకుండా ఉండవలసింది.